వేడెక్కే ఇంటెగ్రాలె: ఒక ఫిర్యాదు, రెండు జబ్బులు

హైదరాబాద్‌లో పాత విదేశీ కార్లను పరీక్షించి బాగుచేసే చిన్న షెడ్డు మాది. మా దగ్గరకు వచ్చిన, ఇటలీ కంపెనీ లాన్సియా తయారుచేసిన ఒక డెల్టా ఇంటెగ్రాలె కేసును ఇక్కడ వివరంగా రాస్తున్నాను. "బండి వేడెక్కుతోంది" అన్న ఒక్క ఫిర్యాదు వెనుక ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు జబ్బులు ఇందులో ఉన్నాయి. రెండో జబ్బు ఈ ఒక్క కారుకే పరిమితం కాదు, నగరంలో ఉన్న పాత టర్బో కార్లన్నిటికీ రాగలిగినది. పైగా, ర్యాలీల నుంచి పుట్టిన ఇలాంటి హ్యాచ్‌బ్యాక్ మీద మనసు పడి సలహా అడిగేవారికి, దాని ఆకర్షణ ఎక్కడుందో, ఇబ్బంది ఎక్కడుందో ఈ కేసు ఒకేచోట చూపిస్తుంది. యజమాని అనుమతితోనే రాస్తున్నాను. కారు రంగు, నంబరు, ఇల్లు ఉన్న ప్రాంతం, కుటుంబ వివరాలు తీసేశాను.

నేపథ్యం

డెల్టా మొదట 1979లో మామూలు కుటుంబ కారుగా వచ్చింది. రూపకర్త జార్జెటో జుజారో. 1980లో యూరప్ కార్ ఆఫ్ ది ఇయర్ బహుమతి కూడా అందుకుంది. 1986 మేలో కోర్సికా ర్యాలీలో లాన్సియా డ్రైవర్ హెన్రీ టోయివొనెన్, ఆయన సహచాలకుడు సెర్జియో క్రెస్టో మరణించాక గ్రూప్ బి అనే అతి శక్తిమంతమైన ర్యాలీ కార్ల తరగతిని నిషేధించారు. 1987 నుంచి ప్రపంచ ర్యాలీ గ్రూప్ ఎ నిబంధనల కిందకు వచ్చింది. ర్యాలీలో ఏ కారు దింపాలనుకుంటే ఆ కారును 5,000 తయారుచేసి జనానికి అమ్మాలి, అదీ నిబంధన. లాన్సియా తన డెల్టాకే రెండు లీటర్ల టర్బో ఇంజను, నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే వ్యవస్థ అమర్చింది. ఆ వరుసలోదే ఇంటెగ్రాలె. ఆ తర్వాత 1987 నుంచి 1992 వరకు వరుసగా ఆరు సార్లు తయారీదారుల టైటిల్ గెలిచింది. లాన్సియా డ్రైవర్ మికి బియాసియోన్ 1988, 1989లలో డ్రైవర్ల ప్రపంచ విజేత అయ్యాడు. ఆ రెండేళ్లూ కెన్యా సఫారీ ర్యాలీ కూడా ఆయనదే.

గెలవడానికి ఏ యంత్రం కావాలో దాన్నే దుకాణంలో పెట్టి అమ్మవలసి వచ్చింది కాబట్టి, మామూలు కుటుంబం కోసం గీసిన శరీరంలోకి దాని శక్తికి మించిన సామాను వచ్చి చేరింది. 1989లో వచ్చిన 16 వాల్వుల రకంలో 1995 సీసీ ఇంజను 200 హార్స్‌పవర్ ఇస్తుంది. శక్తిని చక్రాలకు పంచడానికి మధ్యలో విస్కస్ కప్లింగ్, వెనుక టోర్సెన్ డిఫరెన్షియల్, ముందు టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, ఆయిల్ కూలర్, వాటి వెనుక రేడియేటర్. బానెట్ తెరిస్తే చెయ్యి పెట్టే సందు కనిపించదు. ర్యాలీలో అయితే ఒక దశ పూర్తికాగానే మెకానిక్కుల బృందం కారు మీద వాలి, వదులైనది బిగించి, అరిగినది మార్చి పంపుతుంది. ఈ కారు ఆ బృందం ఉంటుందన్న ధీమాతో పుట్టింది. ఇంటి పోర్టికోలో ఆ బృందం ఉండదు. నా అనుభవంలో ఇలాంటి కార్ల యజమానులు పడే కష్టాల్లో సగానికి పైగా ఇక్కడే మొదలవుతాయి.

మా కేసులోని కారు 16 వాల్వులది. ఇంటెగ్రాలెలు ఫ్యాక్టరీ నుంచి ఎడమచేతి స్టీరింగ్‌తోనే వచ్చేవి. బ్రిటన్‌లో కొన్నింటిని కుడిచేతికి మార్చారు, ఇది అలా మార్చినది. అక్కడ ఉద్యోగం చేసిన పెద్దాయన స్వదేశానికి తిరిగి వస్తూ వెంట తెచ్చుకున్నారు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. పదిహేనేళ్లు దాటాక అయిదేళ్లకోసారి చేయించాల్సిన రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా తప్పలేదు. ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నాక కారు పదేళ్లకు పైగా పోర్టికోలో టార్పాలిన్ కింద ఉండిపోయింది. కొడుకు నలభైల్లో ఉన్నారు, గచ్చిబౌలి వైపు ఆఫీసు. తండ్రి కారును మళ్లీ రోడ్డెక్కించాలని పూనుకున్నారు. ఇకపై యజమాని అంటే ఈయనే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే తర్వాతి ప్రతి నిర్ణయం మీదా దాని బరువుంది. ఇప్పుడు మన దేశంలోకి వాడిన కారు దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనంగా నమోదు కావాలంటే యాభై ఏళ్లు దాటి ఉండాలి. 1990 ప్రాంతపు కారు ఈ రెండింటిలో దేనిలోనూ ఇమడదు. ఈ కారు పాడైపోతే దీని స్థానంలో ఇంకొకటి తెచ్చుకునే దారి లేదు. అందుకే వెనక్కి తీసుకోలేని పని ఏదీ చేయకూడదని మొదటి రోజే అనుకున్నాం.

వచ్చినప్పుడు ఉన్న ఫిర్యాదు

పంజాగుట్ట, అమీర్‌పేట ట్రాఫిక్‌లో పడితే కాసేపటికే ఉష్ణోగ్రత ముల్లు ఎరుపు గీత వైపు పాకుతోంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగం అందుకున్నాక ముల్లు దిగివస్తోంది గానీ, టర్బో బూస్ట్ (ఇంజనులోకి టర్బో నెట్టే అదనపు గాలి ఒత్తిడి) అందుకునే క్షణంలో ఇంజను తడబడుతోంది. అనంతగిరి గుట్టలెక్కితే వేగంలో ఉండగానే మళ్లీ వేడి, దానితోపాటు లోపల గులకరాళ్లు కదిలినట్టు సన్నని చప్పుడు.

మా దగ్గరకు రాకముందే రెండు మూడు చోట్ల తిరిగింది. రేడియేటర్‌కు కొత్త కోర్ వేశారు. వేడిని బట్టి రేడియేటర్‌కు నీటి దారి తెరిచి మూసే థర్మోస్టాట్ తీసి పారేశారు. ప్లగ్గులు, పెట్రోలు పంపు మార్చారు. ఏ పనికీ బిల్లు తప్ప కొలత కాగితం లేదు. యజమాని కోరిక మాత్రం స్పష్టంగా ఉంది.

"ఇంజినీర్ గారూ, రోజూ దీంట్లోనే ఆఫీసుకు వెళ్లాలని ఉంది. వేడి ఒక్కటి తగ్గించండి. తర్వాత రంగు వేయిద్దాం."

"ముందు బెల్టు సంగతి చూద్దాం సార్. అప్పటిదాకా తాళం తిప్పకండి" అన్నాను.

బెల్టు, గొట్టాలు, బ్రేకు

వాల్వులను, పిస్టన్లను ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్టును ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. కారు తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. కదలకుండా ఒకే వంపులో ఏళ్ల తరబడి ఉన్న బెల్టు, తిరుగుతున్న బెల్టు కంటే నాకు ఎక్కువ భయం. ఈ ఇంజనులో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి. అప్పుడు వేడి గురించి మాట్లాడుకునే అవసరమే ఉండదు. బ్యాలెన్స్ షాఫ్టులకు వేరే బెల్టు ఉంది. అది తెగి ముక్కలు ప్రధాన బెల్టు కిందికి పోయినా అదే ఫలితం. రెండు బెల్టులు, టెన్షనర్లు, నీటి పంపు అన్నీ ఒకేసారి మార్చాం. యూరప్ నుంచి రావడానికి సమయం పట్టింది. కొన్ని భాగాలకు వాటి ధర కంటే రవాణా, సుంకం ఎక్కువ పడ్డాయి. యజమానికి ఆ నిరీక్షణ రుచించలేదు. అయినా దాన్ని తగ్గించడానికి దగ్గరి కొలత బెల్టు ఏదో వేసి నడిపించడానికి నేను ఒప్పుకోలేదు.

పెట్రోలు గొట్టాలను వంచి చూస్తే మడత దగ్గర సన్నని పగుళ్లు తేలాయి. ఒకదాని లోపలి పొర వేలికి నల్లగా అంటుకుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును ఇలాగే తినేస్తుంది. టర్బో పక్కనుంచి పోయే గొట్టం కారితే బానెట్ కింద మంటే. ఇథనాల్‌ను తట్టుకునే ఫ్లోరో లైనింగ్ ఉన్న ఇంజెక్షన్ గొట్టాలు రాణిగంజ్‌లో వెతికి పట్టుకుని, ట్యాంకు నుంచి ఇంజను దాకా అన్నీ మార్చాం.

కుడిచేతికి మార్చిన కారు కాబట్టి బ్రేకును ప్రత్యేకంగా చూశాం. ఇందులో, పెడల్ ఒత్తిడిని బ్రేకు ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్ ఎడమవైపే ఉండిపోయింది. కుడివైపు పెడల్ నుంచి దాని దాకా అడ్డంగా ఒక కడ్డీ పోతుంది. మా కుర్రవాడు పెడల్ గట్టిగా తొక్కుతుంటే నేను కడ్డీ కొనమీద వేలు పెట్టి ఉంచాను. చక్రాల దగ్గర ప్యాడ్లు పట్టుకునే లోపే కడ్డీని మోసే బుష్ దాని గూట్లో స్పష్టంగా పక్కకు జరుగుతోంది. పెడల్ మెత్తగా ఉందని అంతకుముందు ఎవరో బ్రేకు ఆయిల్‌లో గాలి తీశారట. దోషం ఆయిల్‌లో లేదు, బుష్‌లో ఉంది. ఇత్తడి బుష్ తిప్పించి వేశాక పెడల్ గట్టిపడింది.

రంగు వేయకముందు

యజమాని కోరిక మేరకు శరీరం కూడా చూశాం. ఈ కార్లలో ముందు అద్దం కింది మూలలు తుప్పు పడతాయి. ముందు స్తంభం పైకప్పును కలిసే చోట లోహం చిట్లుతుంది. చక్రాల శక్తి ఎక్కువ, పెట్టె (కారు శరీరం) బలం తక్కువ, కారణం అదే. ముందు ఒక మూల జాకీ పెట్టి కొద్దిగా లేపి, తలుపు సందును గేజితో కొలిచాం. దించి మళ్లీ కొలిచాం. కుడివైపు సందులో తేడా వచ్చింది. పైలైనింగ్ దించి చూస్తే, స్తంభం మూలలో పెయింటు కింద వెంట్రుక మందాన పగులు. అది కనిపించాక రంగు మాట వాయిదా పడింది.

పగులు చివర్లలో సన్నని రంధ్రాలు వేసి అది ఇంకా పాకకుండా ఆపి, చిన్న చిన్న టాకాలుగా వెల్డింగ్ చేయించాం. వేడికి అద్దం చట్రం వంకర పోకుండా ప్రతి టాకా తర్వాత చల్లారనిచ్చాం. యజమాని కొడుకు, అంటే పెద్దాయన మనవడు, ఇంజినీరింగ్ విద్యార్థి. లోపల ర్యాలీ కార్లలా ఇనుప గొట్టాల పంజరం వేస్తే పెట్టె బిగుసుకుంటుంది కదా అని అడిగాడు. బిగుసుకుంటుంది, నిజమే. అయితే ర్యాలీ డ్రైవరుకు హెల్మెట్ ఉంటుంది. హెల్మెట్ లేని తలకు ఆ గొట్టం ఎంత దూరంలో ఉంటుందో సీట్లో కూర్చోబెట్టి చూపించాను. 17 అంగుళాల చక్రాలు, ఎత్తు తగ్గించే స్ప్రింగులు కూడా వద్దన్నాను. మన కాలనీల్లో ప్రతి మలుపుకీ ఒక స్పీడ్ బ్రేకర్ ఉంటుంది. టైరు మెత్తగా మింగాల్సిన దెబ్బను సన్నని టైరు, గట్టి స్ప్రింగు కలిసి నేరుగా ఆ స్తంభం మూలకే పంపుతాయి. అసలు కొలత 205/50, 15 అంగుళాలు. అదే ఉంచాం.

వేడి: ఆగినప్పుడా, నడుస్తున్నప్పుడా

ఇప్పుడు అసలు ఫిర్యాదు. వేడెక్కే కారు వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న ఎంత వేడెక్కుతోందని కాదు, ఎప్పుడు వేడెక్కుతోందని. ఆగి ఉన్నప్పుడు రేడియేటర్‌కు గాలి ఫ్యాన్ నుంచే రావాలి. వేగంగా పోతుంటే ఫ్యాన్‌తో పనిలేదు, ఎదురుగాలి చాలు. ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కితే ఫ్యాన్ వైపు చూడాలి. వేగంలో మాత్రమే అయితే రేడియేటర్, నీటి ప్రవాహం, లేదా ఇంజను మామూలుకు మించి వేడి పుట్టించడం. ఈ కారు రెండు చోట్లా వేడెక్కుతోంది. అందరూ దాన్ని ఒకే జబ్బుగా తీసుకుని, రెండింటికీ పనికొచ్చే మందు రేడియేటరే కాబట్టి దాన్నే మార్చారు. ఆ ఆలోచనలో తప్పులేదు. మార్చాక తగ్గనప్పుడు ఆగి, రెండు ఫిర్యాదులను విడదీయాల్సింది.

ట్రాఫిక్ వేడి నుంచి మొదలుపెట్టాం. ఫ్యాన్ తిరుగుతోంది, అందుకే ఇంతవరకు ఎవరూ దాన్ని అనుమానించలేదు. తిరగడం వేరు, తిరగాల్సినంత తిరగడం వేరు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు ఉంటే, తిరుగుతున్న ఫ్యాన్ ప్లగ్గు దగ్గర 10 మాత్రమే వచ్చింది. దాదాపు నాలుగు వోల్టులు దారిలోనే పోతున్నాయి. మా దగ్గర వైరింగు చూసే ఉస్తాద్ మీటరు మొనతో ఒక్కో అతుకూ దాటుకుంటూ వెళ్లాడు. సగం నష్టం రిలే సాకెట్‌లో ఉంది. దాని ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి, లోపలి రాగి పలక వేలితో రాస్తే పొడిగా రాలింది. మిగతా సగం బ్యాటరీ కింద బాడీకి బిగించిన ఎర్త్ దగ్గర. పాత తీగల మూటనంతా మార్చడం నాకు ఇష్టం లేదు. ఫ్యాన్‌కు మాత్రమే బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజుతో మందమైన తీగ, కొత్త రిలే, కొత్త ఎర్త్ ఇచ్చాం. పాత స్విచ్ తీగ రిలేను కదిలించడానికి మాత్రమే ఉపయోగపడుతోంది. ఎప్పుడైనా పాత పద్ధతికి మార్చాలంటే ప్లగ్గు పీకితే చాలు. ఫ్యాన్ దగ్గర 13.4 వోల్టులు వచ్చాయి. మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని కారులో అమీర్‌పేట చుట్టూ తిప్పాం. ముల్లు మధ్య గీత దాటి కొంచెం ఎక్కింది, ఫ్యాన్ తిరిగింది, ముల్లు దిగింది.

పనిచేయనిది, దాని వల్ల తెలిసినది

తర్వాత థర్మోస్టాట్ తిరిగి పెట్టాం. వేడెక్కే కారుకు థర్మోస్టాట్ తీసేయడం మన ఊళ్లో పాత అలవాటు. తీసేస్తే రోడ్డు మీద ఇంజను చేరాల్సిన వేడికి చేరదు, అరుగుదల పెరుగుతుంది, ట్రాఫిక్‌లో మాత్రం పెద్దగా మేలుండదు. తిరిగి పెడితే కనీసం ఇంజను ఒక స్థిరమైన ఉష్ణోగ్రత దగ్గర నిలబడుతుందని, అప్పుడు తడబాటు కూడా తగ్గుతుందని అనుకున్నాం.

తడబాటు పెరిగింది. బూస్ట్ అందుకోగానే ఇంజను ఒక్క క్షణం శ్వాస బిగబట్టి, ఆ తర్వాత గుంజుతోంది. గుట్టలెక్కేటప్పుడు చప్పుడూ పెరిగింది.

ఈ ఫలితం దగ్గర చాలాసేపు ఆగాం. ఈ ఇంజను కంప్యూటర్ నీటి ఉష్ణోగ్రత చూసి పెట్రోలు పాళ్లు నిర్ణయిస్తుంది. ఇంజను చల్లగా ఉంటే కొంచెం ఎక్కువ పోస్తుంది. థర్మోస్టాట్ లేనప్పుడు రోడ్డు మీద నీళ్లు పూర్తిగా వేడెక్కడం లేదు. అందుకే కంప్యూటర్ ఆ అదనపు పెట్రోలును ఆపలేదు. థర్మోస్టాట్ పెట్టాక నీళ్లు వేడెక్కాయి, అదనం ఆగింది, తడబాటు పెరిగింది. అంటే ఈ ఇంజనుకు మామూలుగా అందుతున్న పెట్రోలు చాలడం లేదు. థర్మోస్టాట్ లేకపోవడం ఇంతకాలం ఆ లోటును కప్పిపెట్టింది. గుట్టల మీది వేడికీ, చప్పుడుకీ ఇదే కారణం కావచ్చు. టర్బో ఇంజనులో పెట్రోలు పాళ్లు తగ్గితే సిలిండర్‌లో మంట వేడి పెరుగుతుంది, నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది, పిస్టన్లు కరిగే దాకా పోవచ్చు. యజమానికి ఫోను చేసి బూస్ట్ వరకు తొక్కవద్దని గట్టిగా చెప్పాను.

పెట్రోలు ఎందుకు చాలడం లేదు? పంపు ఒత్తిడి కొలిచాం, సరిగ్గా ఉంది. ఒక నిమిషంలో ఎంత పోస్తోందో పట్టి చూశాం, బాగుంది. ఇంజెక్టర్లు తీసి శుభ్రం చేయించి, నాలుగూ సమానంగా పోస్తున్నాయని నిర్ధారించుకున్నాం. ఇన్‌టేక్ గొట్టాల్లో ఎక్కడా గాలి చొరబాటు లేదు. అందుతున్న పెట్రోలు పరిమాణం 1989లో రూపొందించినట్టే ఉంది. మారినది పెట్రోలే.

ట్యాంకులోంచి 80 మిల్లీలీటర్ల పెట్రోలు తీసి కొలత జాడీలో పోసి, 20 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి బాగా ఊపి పెట్టాం. ఇథనాల్ పెట్రోలును వదిలి నీళ్లలోకి దిగుతుంది. కాసేపటికి రెండు పొరలు విడిపోయాయి. 20 దగ్గర ఉండాల్సిన నీటి గీత 35 దాటింది. దాదాపు అయిదో వంతు ఇథనాల్ అన్నమాట. ఇందులో కల్తీ ఏమీ లేదు. ఇప్పుడు బంకుల్లో మామూలుగా అమ్మేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలే. కొత్త కార్లు దీనికి తగ్గట్టే తయారవుతాయి, పైగా వాటికి పొగగొట్టంలో ఉండే లాంబ్డా సెన్సర్ గాలి, పెట్రోలు పాళ్లు సరిచూసి కంప్యూటర్‌కు చెబుతూ ఉంటుంది. పొగను శుభ్రపరిచే ఉత్ప్రేరక కన్వర్టర్ లేని మా 16 వాల్వుల కారుకు ఆ సెన్సరే లేదు. తనకు ఏ పెట్రోలు పోశారో దానికి తెలియదు.

లెక్క ఇలా ఉంటుంది. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 చాలు. అయిదో వంతు ఇథనాల్ కలిస్తే సుమారు 13.5. అదే గాలికి అంతే పెట్రోలు పోస్తే ఎనిమిది శాతం పైగా లోటు. పొగగొట్టంలో తాత్కాలికంగా వైడ్‌బ్యాండ్ లాంబ్డా మీటరు బిగించి, ఊరి బయట ఖాళీ రోడ్డు మీద బూస్ట్‌లో ఒక్క క్షణం మాత్రం చూశాం. ఆ మీటరులో 1 అంటే గాలి, పెట్రోలు సరిగ్గా సరిపోయినట్టు, అంకె తగ్గేకొద్దీ పెట్రోలు ఎక్కువ. పూర్తి లోడులో 0.82 దగ్గర ఉండాలని మేము కోరుకునే చోట 0.89 చూపించింది. లెక్క, కొలత కలిశాయి.

పనిచేసినది

రెండు దారులు కనిపించాయి. కంప్యూటర్‌లోని చిప్ మార్చి పెట్రోలు పట్టికలన్నీ తిరగరాయడం ఒకటి. పెట్రోలు ఒత్తిడి పెంచడం రెండోది. చిప్ పని చేయించగల నిపుణులు దూరదేశాల్లో ఉన్నారు. ముప్పై ఏళ్లు దాటిన సర్క్యూట్ బోర్డును ఊడదీసి అతికించే పనిలో ఆ బోర్డే పోయే ప్రమాదం ఉంది. ఒత్తిడి దారికి ఇంకో కారణం కూడా ఉంది. ఇథనాల్ వల్ల వచ్చే లోటు ఐడిల్‌లోనైనా, పూర్తి బూస్ట్‌లోనైనా ఒకే శాతం. ఒత్తిడి పెంచితే ఇంజెక్టర్ నుంచి వచ్చే అదనం కూడా అన్నిచోట్లా దాదాపు ఒకే శాతం. జబ్బు ఆకారం, మందు ఆకారం ఒక్కటే అయినప్పుడు సులువైన మందు వాడడానికి వెనుకాడనక్కర్లేదు. ప్రవాహం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఒత్తిడిని 16 శాతం పెంచితే ప్రవాహం ఎనిమిది శాతానికి కొంచెం తక్కువగా పెరుగుతుంది. సర్దుబాటు చేయగల రెగ్యులేటర్ బిగించాం. అసలు రెగ్యులేటర్‌ను నూనె రాసి, చీటీ కట్టి యజమానికి ఇచ్చాం.

మీటరు 0.82, 0.83 మధ్య నిలిచింది. తడబాటు పోయింది. తెల్లవారుజామున వికారాబాద్ దారిలో బయలుదేరి అనంతగిరి ఎక్కాం. ముల్లు మధ్య గీత దగ్గర కదలకుండా ఉంది, చప్పుడు లేదు.

ఈ కారు మీద ఇంతమందికి ఎందుకింత ప్రేమో ఆ ఎక్కుడులో మాటల్లేకుండా అర్థమైంది. రాత్రి వాన పడి మలుపుల్లో ఎర్రమట్టి కొట్టుకొచ్చింది. ముందు చక్రాలు మాత్రమే లాగే కారైతే అక్కడ కాలు తీయాల్సిందే. ఇది మాత్రం మట్టి మీద ముక్కు కొద్దిగా బయటికి జరగ్గానే శక్తిని వెనక్కి పంపి, తనంతట తానే మలుపులోకి తిరిగింది. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు దాటే వరకు మామూలు కారు, దాటాక వీపు సీటుకు అతుక్కుంటుంది. స్టీరింగ్‌లో రోడ్డు గరుకు కూడా తెలుస్తుంది. ఇవాళ్టి వేగవంతమైన కార్లు దీనికంటే చాలా వేగంగా పోతాయి, కానీ ఇంత చిన్న శరీరంలో, ఇంత తక్కువ వేగంలో, ఇంత సంగతి డ్రైవరుకు చెప్పే కారును నేను మరొకటి నడపలేదు. పక్క సీట్లో యజమాని చాలాసేపు మాట్లాడలేదు.

వాడకం గురించి మాట్లాడుకున్నది

కారు బాగుపడ్డాక అసలు కష్టమైన సంభాషణ వచ్చింది. రోజూ గచ్చిబౌలికి నడపవచ్చా? యంత్రం దృష్ట్యా ఇప్పుడు నడపవచ్చు. అయినా వద్దని చెప్పాను. ట్రాఫిక్‌లో గంటసేపు బానెట్ కింద మగ్గే వేడి ప్రతి గొట్టాన్నీ, ప్రతి పాత ప్లగ్గునూ ముసలిదాన్ని చేస్తుంది. చిన్న ఢీ తగిలితే ముందు గ్రిల్లు, దీపాలు దొరకడానికి నెలలు పడుతుంది. అయిదేళ్లు దాటిన కారుకు బీమా విలువ కంపెనీకీ యజమానికీ మధ్య ఒప్పందంతో తేలాలి. ఇలాంటి అరుదైన కారుకు సరైన విలువ రాయించడానికి ఫొటోలు, వాల్యుయేషన్ రిపోర్టు, పని చేసిన కాగితాలు అన్నీ చూపించాల్సి వచ్చింది. వాటితోనే ఒప్పించగలిగాం.

అయితే వాడకుండా పోర్టికోలో ఉంచడం కూడా పనికిరాదు. ఈ కారును పదేళ్ల నిద్ర పాడుచేసినంతగా రోడ్డు పాడుచేయలేదు. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: వారానికి ఒకసారి, తెల్లవారాక రద్దీ పెరగకముందే, ఇంజను పూర్తిగా వేడెక్కేంత దూరం. ఆపే ముందు టర్బో చల్లారేలా ఒక నిమిషం ఐడిల్. తిరిగి వచ్చాక బానెట్ తెరిచి ఆయిల్, కూలెంట్, గొట్టాలు, తడి చూసి నోటుపుస్తకంలో రాయాలి. ఈ ఆఖరి పనిని కొడుకు తీసుకున్నాడు. ఆ పుస్తకమే ఈ ఇంట్లో సర్వీసు బృందం. రెండో నెలలో వెనుక డిఫరెన్షియల్ దగ్గర ఆయిల్ తడిని పట్టుకున్నది ఆ పుస్తకమే, మేము కాదు.

కొనాలనుకునేవారికి

ఇలాంటి కారు కొనాలని అడిగేవారికి ఈ కేసు తర్వాత నేను చెప్పే క్రమం కొంత మారింది. పూర్వం శరీరం, ఇంజను, కాగితాలు అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు కాగితాలు మొదట. దిగుమతి పత్రాలు, ఛాసిస్ నంబరు, రిజిస్ట్రేషన్ ఒకదానితో ఒకటి అక్షరం తేడా లేకుండా కలవకపోతే, కారు ఎంత బాగున్నా చూడకుండా వెనక్కి రమ్మంటున్నాను. తర్వాత స్తంభాల మూలలు, అద్దం కింద తుప్పు. ఇంజను ఎంత పాడైనా డబ్బుతో తిరిగి వస్తుంది, చిట్లిన పెట్టె పూర్తిగా రాదు. ఆ తర్వాత అమ్మేవారు ఏయే భాగాలు మార్చారని కాక, ఏమేం కొలిచారని అడగమంటున్నాను. కొలత లేకుండా మార్చిన భాగాల జాబితా పొడవుగా ఉంటే అసలు జబ్బు ఇంకా లోపలే ఉందని అనుకోవాలి.

ఇక వృత్తిలో ఉన్నవారికి. లాంబ్డా సెన్సర్ లేని టర్బో కారు ఏది వచ్చినా, ఫిర్యాదు ఏదైనా, ముందు కొలత జాడీ, తర్వాత వైడ్‌బ్యాండ్ మీటరు. ఈ రెంటికీ కలిపి ఒక పూట చాలు. టర్బో లేని పాత కార్లు ఈ లోటును కొంతవరకు భరిస్తాయి, టర్బో కారు భరించదు.

ప్రస్తుత స్థితి

కారు క్రమంగా తిరుగుతోంది. వెనుక డిఫరెన్షియల్ ఆయిల్ సీలు వచ్చింది, వానలు తగ్గాక వేస్తాం. బ్రేకు కడ్డీకి ఎడమ చివరి బుష్ కూడా ఇత్తడిదే చేయిస్తున్నాం. రెగ్యులేటర్ సర్దుబాటు స్క్రూ మీద పసుపు పెయింటు గీత పెట్టి, దాని పక్కన పెట్రోలు ఒత్తిడి అంకె, "ఈ20కి" అన్న మాట రాసిన రేకు అతికించాం. బంకుల్లో ఇథనాల్ వాటా మారితే ఆ స్క్రూను మళ్లీ మీటరు పెట్టి సరిచేయాలని కొడుకు పుస్తకం మొదటి పేజీలో రాసి ఉంది.